సేవాసంఘములును జనసంఖ్యా సమస్యయు



1987వ సంవత్సరమున, ఒకదానితో నొకటి సంబంధము లేనట్లు కనిపించు మూడు సంగతులు జరిగినవి. మే నెల 4వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు, స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనవలసినదే యని కాలిఫోర్నియా రాష్ట్రశాసనము రోటరీ సంఘమును నిర్బంధించుట రాజ్యాంగమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. జులై నెల 11వ తేదీన భూమిమీది మనుష్యుల సంఖ్య 500 కోట్లకు చేరినదని ఐక్యరాజ్యసమితి ఎంచినది. నేడు మనము ప్రపంచ జనాభా దినముగా పాటించునది ఆ తేదీయే. ఆ యేడే నార్వే ప్రధానమంత్రి గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అధ్యక్షురాలుగా నున్న అంతర్జాతీయ సంఘము, రాబోవు తరములవారి బ్రతుకునకు లోటు రానీయక నేటివారు తమ అవసరములు తీర్చుకొనుటయే సుస్థిరాభివృద్ధి యని నిర్వచించిన నివేదికను లోకము ముందుంచినది. ఈ మూడింటిలో మొదటిది చిన్నదిగను, తక్కిన రెండును పెద్దవిగను ఆనాటివారికి తోచియుండవచ్చును. నేను మాత్రము, సేవాసంఘములు జనసంఖ్య విషయమున ఏమి చేయగలవను ప్రశ్నకు సమాధానము ఆ మొదటి సంగతియందే యున్నదని నమ్ముచున్నాను. అది యెట్లో నెమ్మదిగా మనవి చేసెదను.

1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీ సాయంకాలమున, చికాగో నగరములోని యూనిటీ బిల్డింగు అను మేడయందు, 711వ నంబరు గదిలో నలుగురు మగవారు కూర్చుండి మాటలాడుకొనిరి. పాల్ హారిస్ న్యాయవాది; సిల్వెస్టర్ షీల్ బొగ్గు వర్తకుడు; హైరమ్ షోరీ దర్జీ దుకాణము నడుపువాడు; గస్టావస్ లోయర్ గనుల యింజనీరు. హారిస్ వెర్మాంట్ రాష్ట్రములో ఒక చిన్న యూరిలో తాతగారి యింట పెరిగినవాడు. ఇరుగుపొరుగు పలకరింపులు లేని ఆ మహానగరమున ఆయనకు తోచినది ఘనమైన ఆదర్శమేమియు గాదు, తోడు కావలెననుట మాత్రమే. ఒక్కొక్క వారము ఒక్కొక్కరి కార్యాలయమున వంతులవారీగ కలిసికొనుచుండుటచేత ఆ కూటమికి రోటరీ యను పేరు వచ్చినది. 1907లో వారు చేపట్టిన మొదటి ప్రజాకార్యము చికాగో నడిబొడ్డున బాటసారుల కొరకు మరుగుదొడ్లు కట్టించుట. తరువాత 1915లో డెట్రాయిటున కివానిస్, 1917లో మరల చికాగోలోనే లయన్సు పుట్టినవి. లయన్సువారి కంటి శిబిరము జరుగని తెలుగు పట్టణము లేదనిన అతిశయోక్తి కాదు.

చికాగోకు పడమరగా నున్న యొక చిన్న పట్టణపు క్లబ్బులో నేను కొన్ని యేండ్లుగా సభ్యుడను. మంగళవారము ఉదయము ఏడు గంటలకు ఒక ఫలహారశాల వెనుక గదిలో ఇరువది, ఇరువదియైదుగురము చేరుదుము. అధ్యక్షుడు చిన్న గంట కొట్టును; జెండాకు ప్రతిజ్ఞ చెప్పుదుము; ఆపైన ఒక ప్లాస్టిక్ డబ్బా బల్లవెంట చేయి మారుచు వచ్చును. ఆ వారమున తనకు కలిగిన సంతోష మేదో ఒక్కమాటలో చెప్పి అందులో ఒక డాలరు వేయవలెను: మనుమరాలు పుట్టినదని ఒకరు, మోకాలి చికిత్స బాగుగ జరిగినదని వేరొకరు. దంతవైద్యుడు, బీమా ఏజెంటు, మొక్కజొన్న పండించి విశ్రాంతి తీసికొనుచున్న రైతు, బడి ప్రధానోపాధ్యాయురాలు, నలువది యేండ్లు పురుళ్లు పోసిన నర్సమ్మ – వీరెవ్వరికిని అధికారము లేదు. ఒకరిమీద ఒకరికి గురి యున్నది, అంతే. ప్రభుత్వములకు సైన్యములు, ఖజానాలు కలవు. ఇట్టి గురి మాత్రము కొన తరము గానిది.

జనసంఖ్య మాట యెత్తగనే మన మనస్సు ముందుగ అంకెల వైపునకు పోవును. 2022 నవంబరు 15 నాటికి లోకమున 800 కోట్ల మంది. 2080వ దశకమున దాదాపు 1,030 కోట్ల వరకు పెరిగి, ఆపైన మెల్లగ తగ్గవచ్చునని ఐక్యరాజ్యసమితివారు 2024లో వేసిన అంచనా. ఈ అంకెలు అవసరములే. అయితే అంకెల నుండి మొదలుపెట్టినవారు మనుష్యులను అంకెలుగ చూచుటకు ఎంతకాలము పట్టలేదో చరిత్ర చెప్పుచున్నది. ఈ అమెరికా దేశమునందే, 1927లో క్యారీ బక్ అను వర్జీనియా యువతికి ఆమె యిష్టముతో పనిలేక గర్భనిరోధ శస్త్రచికిత్స చేయవచ్చునని సుప్రీంకోర్టు అనుమతించినది. అట్టి శాసనముల క్రింద అమెరికాలో అరువది వేలకు మించిన జనులు సంతానయోగ్యతను కోల్పోయిరి. మన భారతదేశమున అత్యవసర పరిస్థితి కాలములో, 1976–77 సంవత్సరమొక్కటియందే 80 లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగినవి. అందులో ఎన్ని ఇష్టపూర్వకములో, ఎన్ని పోలీసుల భయముచేతను, జీతము ఆగిపోవునను బెదురుచేతను జరిగినవో ఆనాటివారిని అడిగిన చెప్పుదురు.

ఆ గాయము ఎంతకాలము మానలేదో, ఎక్కడెక్కడ సలిపినదో చూడుడు. 1985లో రోటరీవారు లోకమునుండి పోలియోను తుడిచివేయుటకు పూనుకొనిరి. 1988లో 125 దేశములలో ఏటేట మూడున్నర లక్షల మంది పిల్లలు ఆ వ్యాధిచే కుంటివారగుచుండిరి. ఎన్ని దేశములలో తగ్గినను ఉత్తరప్రదేశ్, బీహారు రాష్ట్రములలో మాత్రము అది పట్టు విడువలేదు. 2009లో భారతదేశమున 741 మందికి వచ్చినది, అది ఆ యేటి ప్రపంచపు లెక్కలో దాదాపు సగము. కారణము లనేకములు: మురుగు, ఇరుకు, పసిపిల్లల పేగుల వ్యాధులు. అందులో ఒకటి యేమనగా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ ముస్లిము బస్తీలలో తల్లులు తలుపులు మూసికొనిరి. ఈ పోలియో చుక్కలు వేసిన పిల్లలకు రేపు సంతానము కలుగదనియు, ఇది సర్కారువారి కుటుంబనియంత్రణ కుట్రయే యనియు పుకారు పుట్టినది. తండ్రుల కాలమున శస్త్రచికిత్సకై మగవారిని వీథిలో పట్టుకొనిపోయిన జీపు మనుమల కాలమున పోలియో చుక్కల సీసాను అనుమానింపజేసినది. ఆ సమయమున అక్కడి రోటరీవారు మతగురువులైన ఉలేమాలతో ఒక సంఘము నేర్పరచి, వారి యిండ్లకు పోయి, వారి సందేహములన్నియు వినిరి. ఆ పెద్దలే మసీదులలో ప్రకటన చేసిరి, తమ చేతులతో పిల్లలకు చుక్కలు వేసిరి. హౌరా జిల్లాలో 2011 జనవరి 13న కనబడిన కేసే మన దేశమునకు కడపటిది; 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ మనకు విముక్తి పత్రము నిచ్చినది.

నైజీరియా ఉత్తర భాగమున కానో రాష్ట్రములో 2003లో సరిగా ఇదే పుకారుచేత టీకాలు నిలిచిపోయినవి. ఆ ఆలస్యము వలన వ్యాధి పొరుగుదేశములకు ప్రాకినది. అదే కానో, కదునా ప్రాంతములలో మరికొందరు రోటరీ సభ్యులు వేరొక పని మొదలుపెట్టిరి. 1990ల నడుమ, జనసంఖ్యయు అభివృద్ధియు అను విషయములమీద రోటరీ సభ్యులలో ఒక ప్రత్యేక బృందము ఏర్పడినది. జర్మనీ దేశపు రోటరీ సభ్యుడు రాబర్ట్ జిన్సర్ వంటివారు అందులో ముఖ్యులు. వారు నైజీరియా ఆసుపత్రులకు పోయి, ఇంతమంది పిల్లలను కనకుడని ఉపన్యాసములు చేయలేదు. కాన్పులో తల్లి చనిపోకుండ, కాన్పు కష్టమై మూత్రము ఆగక కారు వ్యాధిచే భర్త యింటినుండి వెలివేయబడిన స్త్రీలకు చికిత్స దొరకునట్లు, ప్రసూతి గదులను బాగుచేసిరి. దానితోపాటు బిడ్డకు బిడ్డకు నడుమ ఎడము పాటించు సాధనములు అందుబాటులో నుంచిరి. కాలక్రమమున ఆ బృందము తన పేరునే మార్చుకొన్నది. జనసంఖ్య యను మాట తొలగినది. ప్రసూతి, తల్లి, బిడ్డల ఆరోగ్యమను మాటలు వచ్చినవి. పేరు మార్చుట కొందరికి భీరుత్వముగ తోచినదని విన్నాను. నాకు అది జ్ఞానోదయముగ తోచుచున్నది. బిడ్డ బ్రతుకునను నమ్మకము లేని తల్లి ఒకరికి బదులు నలుగురిని కనుటలో ఆశ్చర్య మేమున్నది?

మా క్లబ్బులో నేను ఈ విషయమును గూర్చి ఒక మంగళవారము మాటలాడినప్పుడు, ఇందాక చెప్పిన నర్సమ్మ చేయి యెత్తినది. నలువది యేండ్లలో తన చేతిమీదుగ పురుడు పోసికొన్న వారిలో ఒక్కరైనను ప్రపంచ జనాభాను గూర్చి అడుగలేదనియు, అడిగినదెల్ల బిడ్డకు పాలు చాలునా, మరల ఎప్పటికి పనికి పోవచ్చును, మరల కడుపు రాకుండ ఏమి చేయవచ్చును అనియే ననియు ఆమె చెప్పినది. మూడవ ప్రశ్న అడుగునప్పుడు మాత్రము గొంతు తగ్గించెదరట, గదిలో భర్త యున్నచో అసలు అడుగరట.

ఇప్పుడు 1987 నాటి తీర్పునకు వత్తము. కాలిఫోర్నియాలో డ్యుఆర్టే యను చిన్న పట్టణమున రోటరీ క్లబ్బునకు సభ్యులు తగ్గిపోగా, 1977లో వారు ముగ్గురు స్త్రీలను చేర్చుకొనిరి. మరుసటి యేడు అంతర్జాతీయ సంఘము ఆ క్లబ్బును వెలివేసినది. దాదాపు పదేండ్లు వ్యాజ్యము నడచినది. తీర్పు వచ్చిన ఆ వేసవిలోనే లయన్సు, కివానిస్ సంఘములు కూడ తలుపులు తెరచినవి. రోటరీవారు 1989లో తమ నిబంధనావళినుండి పురుషులు మాత్రమే యను మాటను తొలగించిరి. అనగా డెబ్బది, ఎనుబది యేండ్లపాటు, బిడ్డలను కని పెంచు వారిలో ఒక్కరును లేని గదులలో ఈ సంఘములవారు లోకసేవను గూర్చి ఆలోచించిరి. వారి మంచితనమును నేను శంకింపను. గొంతు తగ్గించి అడుగు ఆ మూడవ ప్రశ్న వారి చెవిని పడుటకు మార్గము లేకపోయెను, అంతియే.

నా చిన్ననాటి దృశ్యమొకటి చెప్పెదను. 1980వ దశకపు తొలినాళ్లు. గుంటూరు జిల్లాలో మా యూరికి దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. గోడమీద ఎర్ర త్రికోణము, దానిక్రింద తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు నవ్వుచున్న బొమ్మ. ఆ దినము కుటుంబనియంత్రణ ఆపరేషన్ల శిబిరము. మా పిన్నికి అప్పటికి ఇరువది రెండేండ్లు, ఇద్దరు కొడుకులు. మా అమ్మ నా చేతికి ఫ్లాస్కులో కాఫీయు, కాగితములో చుట్టిన బన్నును ఇచ్చి పంపినది. వరండాలో గచ్చుమీద ఈతచాపలు పరచి, ముప్పదిమంది ఆడవారిని వరుసగ పడుకొనబెట్టినారు. మత్తు పూర్తిగ వదలక కొందరు మూలుగుచున్నారు, ఒకామె చాప అంచున వాంతి చేసికొనుచున్నది. పిన్ని నన్ను గుర్తుపట్టి, దాహమని సైగ చేసినది. మా బాబాయి బయట వేపచెట్టు క్రింద బీడీ కాల్చుకొనుచు తక్కిన మగవారితో మిరప ధరను గూర్చి మాటలాడుచుండెను. ఆయన చెడ్డవాడు కాడు. ఆ ఆపరేషను తాను చేయించుకొనవచ్చునను తలంపు ఆయనకు రాలేదు, ఎవ్వరును తెప్పింపలేదు.

తెలుగునాట జననాల తగ్గుదలను లోకమున కెల్ల ఆదర్శమని పొగడుదురు. పొగడదగినదే. 1991లో ఆంధ్రప్రదేశమున స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 33 మంది మాత్రమే. సంపదలోను మనది అగ్రస్థానము గాదు. అయినను 1992–93లో సగటున స్త్రీకి 2.6గా నున్న సంతానసంఖ్య 2005–06 నాటికి 1.8కి దిగినది. 2019–21 నాటి కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8. ఇందుకు కారణము ప్రభుత్వశిబిరము లొక్కటే యనుట పొరపాటు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుటకు రాత్రివేళ దీపము చుట్టు చేరిన స్త్రీలు, సారా దుకాణమును మూయించుటకు లేచిరి. మరుసటి యేటికే రాష్ట్రమున సారా నిషేధింపబడినది. దినమునకు రూపాయి చొప్పున పొదుపు చేసికొన్న వేలాది సంఘములు అటుతరువాత విస్తరించినవి. మెడలో బిళ్లలేదు, బల్లమీద గంటలేదు; అయినను తోడు కొరకు చేరి, ఊరిపనికి పూనుకొను మనుష్యుల కూటమినే సేవాసంఘమందుమేని, దూబగుంట దీపము క్రింద కూర్చున్నది సేవాసంఘమే. ఆ తోడు దొరికిన స్త్రీ ఎందరు బిడ్డలు చాలునో తానే నిశ్చయించుకొన్నది.

అయితే ఆ విజయపు భారమెవరి దేహముమీద పడినదో కూడ చెప్పవలెను. పైన చెప్పిన 2019–21 సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు డెబ్బదిమంది ఆపరేషను చేయించుకొన్నవారే. మగవారికి చేయు శస్త్రచికిత్సను ఆశ్రయించిన జంటలు నూటికి ఒకటి కూడ లేవు. మగవారికి చేయు కత్తికోతలేని పద్ధతి కొద్ది నిమిషముల పని. ఆడవారి దానికన్న తేలిక, ప్రమాదమును తక్కువ. అత్యవసర పరిస్థితి నాటి భయము మగవారి మనస్సులలో నిలిచిపోయి, భారమంతయు వరండాలోని చాపలమీదికి మారినది. మన పట్టణముల రోటరీ, లయన్సు క్లబ్బులలో నేటికిని మగవారే హెచ్చు. అది లోపమే, ఈ యొక్క విషయమున దానిని బలముగ మార్చుకొనవచ్చును. తెనాలిలోనో, భీమవరములోనో పదిమందిలో గౌరవముగల వర్తకుడు, ప్లీడరు, డాక్టరు, తాను ఆ చికిత్స చేయించుకొంటినని తోటి మగవారి ముందు చెప్పినచో, ఎన్ని గోడలమీద ఎన్ని బొమ్మలు వేసినను రాని ధైర్యము వచ్చును.

ఇంతలో కాలము మరియొక మలుపు తిరిగినది. ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికలకు అనర్హులని 1994లో మనము చేసికొన్న శాసనపు నియమమును, 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దు చేసినది. ఎక్కువమందిని కనుడని ముఖ్యమంత్రియే పిలుపునిచ్చెను. మా యూరిలో మా వీథినే చూచితిని: పదునాలుగు ఇండ్లలో తొమ్మిదింటికి తాళములు. నిన్న కనవద్దని చెప్పి, నేడు కనుమని చెప్పి, రెండు పర్యాయములును ఆడుదానిని అడుగకపోవుట నాకు బాధాకరముగ నున్నది. సంఖ్య పెరిగినను తరిగినను సేవాసంఘము చేయవలసిన పని యొక్కటే: బిడ్డను కనువారికి కోరినప్పుడు కనుటకు, వద్దనుకొన్నప్పుడు మానుటకు, కన్నబిడ్డ బ్రతుకుటకు, ముసలితనమున ఒంటరి గాకుండుటకు తోడుండుట.

అమెరికాలోని మనము మన వంతును గూర్చి కూడ మాటలాడకున్న న్యాయము కాదు. ఒక అమెరికను వలన ఏటికి దాదాపు పదునాలుగు టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచుండగా, భారతీయుని వంతు రెండు టన్నులు. ఇక్కడి సగటు కుటుంబము దినమునకు 300 గ్యాలన్ల నీరు వాడును. అందులో మూడవవంతు వరకు ఇంటి వెలుపలి పచ్చికకును మొక్కలకునే. కొలరాడో నదిమీది మీడ్ సరస్సు 2022 జులైలో, 1937లో మొదటిసారి నిండుచున్ననాటి నుండి ఎన్నడు లేనంత అడుగునకు దిగినది. టెక్సాసులోని ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో మన తెలుగువారి పేటలలో వేసవి తెల్లవారుజామున నడచినచో, వరుసగ ఇంటింటి ముందు నీటి చిమ్మనగ్రోవులు తిరుగుచుండును. పచ్చికపై పడినది కొంత, కాలిబాటపై పడి కాలువలోనికి పోవునది కొంత. గుంటూరులో మునిసిపల్ పంపు కడ బిందె నింపిన చేతులే అచ్చట ఆ మర తిప్పుచున్నవి. పేద దేశపు తల్లికి బిడ్డల లెక్క చెప్పుటకు ముందు, మన లెక్క మనము వ్రాసికొనవలెను. రోటరీవారు 2021 జులైనుండి పర్యావరణమును తమ ముఖ్యకార్యములలో ఏడవదిగ చేర్చుకొనిరి. పచ్చికను తగ్గించి ఆయా ప్రాంతపు మొక్కలు పెంచుటవంటి చిన్న పనులు ప్రతి క్లబ్బునకు చేతనైనవే.

సాధనములు లేకపోలేదు. ఇక్కడి క్లబ్బును మన దేశపు క్లబ్బును జతగూడినచో, రోటరీ ఫౌండేషను పెద్ద గ్రాంటు నిచ్చును. ఆ కార్యపు మొత్తము కనీసము 30,000 డాలర్లు ఉండవలెను, మొదట ఆ యూరివారికి ఏమి కావలెనో వారినే అడిగి వ్రాసిన పరిశీలన పత్రము జతచేయవలెను. ఈ రెండవ నియమము నాకు మిక్కిలి యిష్టము. మా క్లబ్బు కోస్తా జిల్లాలలోని ఒక క్లబ్బుతో ఉత్తరములు నడుపుచున్నది. ప్రసూతి గదికి కావలసిన పరికరములు ఏవో నర్సమ్మ జాబితా వ్రాయుచున్నది. మగవారితో మాటలాడు భాగము నా వంతు.

పరిశీలన పత్రము కొరకు మొట్టమొదట నేను ఫోను చేసినది మా పిన్నికి. ఆమె కొడుకులలో ఒకడు హైదరాబాదున, ఒకడు టెక్సాసున నున్నారు. ఆమె తాళములు వేసిన ఆ వీథిలో, తాళము వేయని అయిదిండ్లలో ఒకదానియందున్నది. మేము తలపెట్టిన పనినంతయు వివరించితిని. ఆమె చాలసేపు వినినది. పిదప, "అదంతా సరే నాయనా, ఇప్పుడైనా అక్కడ మంచాలేస్తున్నారా?" అని అడిగినది. ఆ ప్రశ్నను ఇంగ్లీషులో వ్రాసి, మంగళవారమునాడు క్లబ్బులో చదువుటకై కాగితము జేబులో నుంచుకొంటిని.